బండి మీద నుంచి అమ్మ పడిపోయింది: వెనక కూర్చునేవాళ్ళు అసలు ఎక్కడ పట్టుకోవాలి?

ఖమ్మం_వాణి
పోయిన ఆదివారం మా అమ్మ తమ్ముడి బండి మీద నుంచి పడిపోయింది. రైతు బజార్‌కి వెళ్ళి వస్తున్నారు. స్పీడ్ ఏమీ లేదు, ఇరవై కూడా ఉండదంటాడు వాడు. స్పీడ్ బ్రేకర్ దగ్గర స్లో చేసి, ముందు చక్రం దిగగానే కాస్త రేజ్ ఇచ్చాడట. వెనక చక్రం ఎక్కి దిగేసరికి అమ్మ సీటు మీద లేదు. ఎడమ మోచేతి దగ్గర ఎముక చిట్లింది, సిమెంట్ కట్టు వేశారు. హెల్మెట్ పెట్టుకోలేదు. తలకి దెబ్బ తగల్లేదు, అదొక్కటే అదృష్టం.

అమ్మకి 61 ఏళ్ళు. చీరే కడుతుంది, ఒక పక్కకే కూర్చుంటుంది. ఆ రోజు ఒళ్ళో కూరగాయల సంచి, దాని మీద ఎడమ చెయ్యి. కుడి చెయ్యి తమ్ముడి భుజం మీద. ముప్పై ఏళ్ళుగా ఇలాగే కూర్చుంటోంది, ఎప్పుడూ ఏమీ కాలేదు.

ఇంట్లో ఇప్పుడు ఇదే గొడవ. వెనక రాడ్ పట్టుకోవాల్సింది అంటారు మా ఆయన. భుజం గట్టిగా పట్టుకుంటే చాలంటాడు తమ్ముడు. వెనక్కి తిరిగి రాడ్ పట్టుకుంటే నడుము పట్టేస్తుందంటుంది అమ్మ. గట్టిగా పట్టుకో అని అందరం చెబుతాం కానీ ఎక్కడ పట్టుకోవాలో మాకెవరికీ తెలియదని నాకు ఇప్పుడే అర్థమైంది. తెలిసినవాళ్ళు చెప్పండి. నాకు ఐదేళ్ళ పాప కూడా ఉంది, అదీ ఎక్కుతుంది.

స్ప్లెండర్_2009
ఒక పక్కకి కూర్చోవడమే అసలు సమస్య. రెండు వైపులా కాళ్ళు వేసుకుని కూర్చోమనండి. సగం భయం అక్కడే పోతుంది.

పద్మ_టీచర్
స్ప్లెండర్ గారూ, చెప్పడం తేలికే. నాకు 57. మోకాళ్ళు అరిగాయి, కాలు ఎత్తి అవతలికి వెయ్యలేను. చీర సంగతి సరేసరి. మా వయసువాళ్ళని ఆ ఒక్క మాటతో తోసెయ్యకండి.

వాణీ, నేను రోజూ స్కూలుకి మా అబ్బాయి వెనక ఒక పక్కకే కూర్చుని వెళ్తాను. ఎడమ వైపుకి తిరిగి కూర్చుంటాం కదా, అప్పుడు మన కుడి చెయ్యి బండి నడిపేవాళ్ళ వైపు ఉంటుంది, ఎడమ చెయ్యి రాడ్ వైపు ఉంటుంది. వెనక్కి తిరగాల్సిన పనే లేదు, చెయ్యి పక్కకి చాపితే చాలు. మీ అమ్మగారికి రాడ్ అందకపోవడానికి కారణం నడుము కాదు, కూరగాయల సంచి. ఆ చెయ్యి ఖాళీగా ఉంటే తెలిసేది.

కుడి చెయ్యి భుజం మీద వద్దు. నడుము దగ్గర బెల్టు పట్టుకోవాలి. మా అబ్బాయికి బెల్టు పెట్టుకునే అలవాటు లేదు. నా కోసమే మొదలుపెట్టాడు.

ఖమ్మం_వాణి
పద్మ గారూ, ఇప్పుడే అమ్మని కుర్చీలో పక్కకి కూర్చోబెట్టి చూశాను. మీరన్నది నిజమే. సంచి గురించి మేమెవరం ఆలోచించనే లేదు.

గ్యారేజ్_గోపాల్
ముప్పై ఏళ్ళుగా బండ్లు రిపేరు చేస్తున్నాను. వెనక నుంచి పడినవాళ్ళని చాలామందిని చూశాను. సగానికి పైగా స్పీడ్‌లో పడినవాళ్ళు కాదు. వాణి గారి అమ్మగారిలాగే బ్రేకర్ దగ్గరో, గుంత దగ్గరో, సిగ్నల్‌లో బండి కదిలినప్పుడో పడినవాళ్ళు.

వెనక మనిషిని బండి మూడు రకాలుగా కదిలిస్తుంది. రేజ్ ఇస్తే వెనక్కి లాగుతుంది. బ్రేక్ వేస్తే ముందుకి తోస్తుంది. బ్రేకర్ వస్తే పైకి ఎగరేస్తుంది. వెనక సీటు సరిగ్గా వెనక చక్రం మీద ఉంటుంది కాబట్టి నడిపేవాడికి తెలిసే కుదుపు కన్నా వెనక మనిషికి తగిలేది ఎక్కువ. నడిపేవాడికి హ్యాండిల్ ఉంది, ముందు ఏం వస్తుందో కనిపిస్తుంది. వెనకవాళ్ళకి రెండూ లేవు.

వెనక్కి పోకుండా ఆపేది నడుము పట్టు. ముందుకి జారకుండా ఆపేది వెనక రాడ్ పట్టు. ఒక్కటి పట్టుకుంటే సగం పనే అవుతుంది. అందుకే ఒక చెయ్యి నడుముకి, ఒక చెయ్యి రాడ్‌కి. పైకి ఎగరకుండా ఆపేవి మాత్రం చేతులు కాదు, కాళ్ళు. ఫుట్‌రెస్ట్ మీద పాదం గట్టిగా ఆనాలి. బ్రేకర్ వస్తుందని తెలిస్తే కాళ్ళ మీద బరువు వేసి సీటు మీద నుంచి కొంచెం తేలికవ్వాలి.

భుజం ఎందుకు వద్దంటే, భుజం పట్టుకుని వెనక్కి ఊగితే నడిపేవాడి చెయ్యి లాగినట్టే. చెయ్యి కదిలితే హ్యాండిల్ కదులుతుంది. స్లోగా వెళ్తున్నప్పుడు ఆ కాస్త లాగుడుకే బండి పక్కకి వాలుతుంది.

ఇక బండి. నా దగ్గరికి వచ్చినవాటిలో చూసేవి చెబుతాను. రాడ్ బోల్టులు లూజుగా ఉంటాయి. లేడీస్ ఫుట్‌రెస్ట్ మీద రబ్బరు ఊడిపోయి ఉత్త ఇనుము ఉంటుంది, వానలో చెప్పు జారుతుంది. నున్నటి రెక్సిన్ సీటు కవర్ వేయించుకుంటారు, దాని మీద పట్టుచీరతో కూర్చుంటే నిలవడం కష్టం. సీటు లాక్ టక్ మని పడకుండా బండి తీసేవాళ్ళూ ఉన్నారు. వాణి గారూ, మీ తమ్ముడి బండికి లేడీస్ ఫుట్‌రెస్ట్ ఉందా?

ఖమ్మం_వాణి
లేదు. సెకండ్ హ్యాండ్‌లో కొన్న 125 బండి. పాత ఓనర్ తీసేసినట్టున్నాడు. అమ్మ మామూలు ఫుట్‌రెస్ట్ మీద ఒక కాలు పెట్టి, రెండో కాలు గాల్లో వేలాడేస్తుంది.

గ్యారేజ్_గోపాల్
అయితే ముందు అది వేయించండి. ఒక కాలు గాల్లో ఉంటే ఏం పట్టుకున్నా లాభం లేదు. శారీ గార్డ్, అంటే బట్ట వెనక చక్రంలో పడకుండా అడ్డుపెట్టేది, ఉందో లేదో కూడా చూడండి, రెండూ కలిపే విప్పేస్తారు చాలామంది.

హనుమకొండ_కుర్రాడు
కాలేజీ బండి నాది, స్పోర్ట్స్ మోడల్. వెనక సీటు ఎత్తుగా, చిన్నగా ఉంటుంది, పట్టుకోవడానికి రాడ్ లేదు. చెల్లిని దింపుతుంటాను. బ్రేక్ వేసిన ప్రతిసారీ నా మీదికి వచ్చి పడుతుంది, నా హెల్మెట్‌కి దాని హెల్మెట్ తగులుతుంది. దానికి చెప్పీ చెప్పీ విసుగొచ్చింది.

సీమ_రైడర్
చెల్లి తప్పు కాదు తమ్ముడూ, ఆ సీటే ముందుకి వాలి ఉంటుంది. అలాంటి బండి మీద వెనకవాళ్ళు బ్రేక్ టైమ్‌లో నీ నడుముకి రెండు వైపుల నుంచి చేతులు ముందుకి చాపి పెట్రోల్ ట్యాంక్ మీద అరచేతులు ఆనించాలి. అప్పుడు బరువు నీ మీద కాకుండా ట్యాంక్ మీద పడుతుంది. రేజ్ ఇచ్చినప్పుడు మళ్ళీ నడుము పట్టుకోవాలి. మోకాళ్ళతో నీ తొడలని రెండు వైపులా నొక్కి ఉంచాలి.

మా ఆవిడా నేనూ కడప నుంచి తిరుమల బండి మీదే వెళ్తాం. ఎక్కేటప్పుడు నడుము పట్టు, దిగేటప్పుడు ట్యాంక్ పట్టు. దిగే ఘాట్‌లో వంపు తర్వాత వంపు, బ్రేక్ మీదే ఉంటాం. మొదటిసారి తను నా వీపు మీదే ఆనుకుని వచ్చింది, అలిపిరి చేరేసరికి నా మణికట్లు పనిచెయ్యలేదు.

లెక్కల_మాస్టారు
సీమ_రైడర్ గారి మణికట్ల సంగతి లెక్కలో చూపిస్తాను. గంటకి 40 కిలోమీటర్లు అంటే సెకనుకి 11 మీటర్ల పైనే. రెండుంపావు సెకన్లలో ఆపారనుకోండి, అది కాస్త గట్టి బ్రేకే కానీ అసాధారణం కాదు. 60 కిలోల మనిషి అప్పుడు ముందుకి నెట్టే బలం దాదాపు 30 కిలోల బరువుతో సమానం. అంటే వెనక మనిషి ఏమీ పట్టుకోకపోతే, బ్రేక్ వేస్తున్న ఆ క్షణంలో ఒక చిన్న బియ్యం బస్తా వచ్చి మీ వీపుని నెడుతుంది. దాన్ని ఆపాల్సింది హ్యాండిల్ పట్టుకున్న మీ చేతులే.

స్ప్లెండర్_2009
బియ్యం బస్తా నయం మాస్టారూ, తాడుతో కట్టేస్తే కదలదు. మనిషే వంపులో అటు పోతే ఇటు వాలతాడు.

సీమ_రైడర్
ఇది చాలా ముఖ్యం. వంపు తిరిగేటప్పుడు నడిపేవాడు ఎటు వాలితే వెనకవాళ్ళూ అటే వాలాలి, అంతకన్నా ఎక్కువా వద్దు, తక్కువా వద్దు. మా ఆవిడకి నేను చెప్పింది ఒకటే. కుడి వంపు అయితే నా కుడి భుజం మీదుగా రోడ్డు చూడు, ఎడమ వంపు అయితే ఎడమ భుజం మీదుగా. చూపు అటు ఉంటే ఒళ్ళు దానంతట అదే వాలుతుంది.

బుల్లెట్_బాబాయ్
ట్యాంక్ మీద చేతులు ఆనించడం అందరికీ కుదరదు. నా బండి మీద రెండు సీట్ల మధ్య దూరం ఎక్కువ, మా ఆవిడ చేతులు ట్యాంక్ దాకా రావు. వచ్చినా ఆమె నా మీద పూర్తిగా వంగాలి. సీమ_రైడర్ గారూ, అది సీటు ఎత్తుగా ఉన్న బండ్లకి సరే. మామూలు బండ్లకి గోపాల్ గారు చెప్పిన ఒక చెయ్యి రాడ్, ఒక చెయ్యి నడుమే మంచిది.

సీమ_రైడర్
ఒప్పుకుంటాను బాబాయ్. బండిని బట్టి, చేతి పొడవుని బట్టి ఉంటుంది.

విశాఖ_ఫిజియో
రాడ్ పట్టు విషయంలో ఒక మాట. రెండు వైపులా కాళ్ళు వేసుకుని కూర్చున్నవాళ్ళు చెయ్యి వీపు వెనక్కి తిప్పి రాడ్ పట్టుకోవాలి. భుజం పట్టేసినవాళ్ళకి అది నరకం. షుగర్ ఉన్నవాళ్ళలో ఈ భుజం పట్టేయడం ఎక్కువ. వాళ్ళు రాడ్ పట్టుకున్నట్టే కనిపిస్తారు కానీ పట్టులో బలం ఉండదు, కుదుపు వస్తే నొప్పికి చెయ్యి వదిలేస్తారు.

ఇంట్లో పరీక్ష చేసుకోండి. నిలబడి చెయ్యి వెనక్కి పెట్టి, ప్యాంటు వెనక జేబు దాకా నొప్పి లేకుండా వెళ్తుందా? వెళ్ళకపోతే వెనక రాడ్ మీకు కాదు. సీటు పక్కన పట్టుకునే రాడ్ ఉన్న బండి మేలు, లేదా నడిపేవాళ్ళ నడుముకి కట్టే పిడుల బెల్టు దొరుకుతుంది. దానికి రెండు వైపులా చేతిపిడులు కుట్టి ఉంటాయి. వయసైన వాళ్ళకి నేను అదే చెబుతాను.

వాణి గారూ, అమ్మగారి కట్టు విప్పాక కూడా మోచెయ్యి పూర్తిగా చాపగలిగేదాకా బండి ఎక్కించకండి. ఎడమ చెయ్యే రాడ్ పట్టుకోవాల్సింది.

మెహదీపట్నం_మౌనిక
నా బాధ వేరు. నేను రోజూ ఆఫీసుకి బైక్ ట్యాక్సీలో వెళ్తాను. ముక్కూ మొహం తెలియని మనిషి నడుము పట్టుకోమంటే ఎలా? భుజం కూడా పట్టుకోను. వెనక రాడ్ ఒక్కటే నాకు దిక్కు. గోపాల్ గారి లెక్కలో నాది సగం పట్టే. సిగ్నల్ పడగానే వాళ్ళు రేజ్ ఇస్తుంటే ప్రాణం గొంతులోకి వస్తుంది. టోలిచౌకి ఫ్లైఓవర్ మీద ఒకసారి దాదాపు పడిపోయాను.

పద్మ_టీచర్
మౌనికా, మా అమ్మాయిదీ ఇదే గోల. బ్యాగ్ వీపుకి వేసుకోకుండా ముందుకి వేసుకుంటుంది. మధ్యలో బ్యాగ్ ఉంటే మనిషికి మనిషి తగలరు, బ్రేక్ వేసినా బ్యాగ్ ఆపుతుంది. వీపుకి బరువైన ల్యాప్‌టాప్ బ్యాగ్ వేసుకుంటే రేజ్ ఇచ్చినప్పుడు అదే వెనక్కి లాగుతుంది.

రాత్రి_రైడర్
నేను రెండేళ్ళుగా బైక్ ట్యాక్సీ నడుపుతున్నాను. మౌనిక అక్కా, మీరు భయపడుతున్నట్టు మాకు తెలియదు, అద్దంలో మొహం కనిపించదు. ఎక్కగానే "మెల్లగా కదిలించండి, రాడ్ పట్టుకుని ఉన్నాను" అని ఒక్క మాట చెప్పండి. తప్పుగా ఏమీ అనుకోం. నేనైతే లేడీస్ ఎక్కితే ముందే అడుగుతాను, పట్టుకున్నారా అని. వాళ్ళు ఊ అన్నాకే క్లచ్ వదులుతాను.

కస్టమర్లకి నాదో విన్నపం. ఫోన్ చూసుకుంటూ కూర్చోకండి. ఒక చేతిలో ఫోన్, ఇంకో చేతిలో టిఫిన్ బాక్స్. ఇంక పట్టుకునేది దేంతో? నేను కుక్క అడ్డొస్తే బ్రేక్ వేశాను, ఒకాయన ఫోన్ ఎగిరి రోడ్డు మీద పడింది, ఆయన నా మెడ పట్టుకున్నారు. ఇద్దరం పడేవాళ్ళమే.

మెహదీపట్నం_మౌనిక
రేపటి నుంచే చెబుతాను తమ్ముడూ. రెండేళ్ళలో నన్ను ఒక్కరు కూడా పట్టుకున్నారా అని అడగలేదు.

గ్యారేజ్_గోపాల్
మౌనిక గారూ, నడుము పట్టుకోని రోజున మోకాళ్ళు సీటుకి గట్టిగా బిగించండి, కదిలే ముందు ఒళ్ళు కొంచెం ముందుకి వంచండి. రేజ్ ఇచ్చినా వెనక్కి పోరు. రాడ్‌ని వేళ్ళతో కాదు, బొటనవేలు చుట్టి పిడికిలితో పట్టుకోండి.

నర్సు_కాకినాడ
ఎవరూ చున్నీ గురించి రాయలేదు. నేను ఎమర్జెన్సీలో చేస్తాను. ఇరవై ఏళ్ళ అమ్మాయి, వెనక సీటు, మెడ చుట్టూ వేసుకున్న చున్నీ కొస చక్రంలో పడింది. క్షణంలో చుట్టుకుని వెనక్కి లాగేసింది. బతికింది, కానీ నెలల తరబడి మంచం మీదే ఉంది. అప్పటి నుంచి రోడ్డు మీద చున్నీ ఎగురుతూ కనిపిస్తే నా స్కూటీ పక్కకి పోనిచ్చి మరీ అరుస్తాను, చున్నీ అని. చాలామంది కంగారుగా లాక్కుంటారు. చీర కొంగు, బురఖా అంచు, వాన కోటు తాడు అన్నిటిదీ అదే కథ. ఎక్కకముందే చున్నీ నడుముకి కట్టండి, కొంగు దోపండి. పట్టుకోవడం ఆ తర్వాత.

హనుమకొండ_కుర్రాడు
నర్సు అక్కా, చదివి వణుకు పుట్టింది. నా బండికి గార్డ్ లేదు, లుక్ బాగుండదని షోరూమ్ నుంచి తెచ్చిన వారానికే తీయించాను. అట్టపెట్టె కింద పడి ఉంది. రేపే బిగిస్తాను.

చట్టం_చెబుతా
గార్డ్ తీయడం చట్టం ప్రకారం కూడా తప్పే. కేంద్ర మోటారు వాహనాల నియమాలు 1989లో 123వ నియమం ఉంది. వెనక కూర్చునేవాళ్ళకి పట్టుకునే పిడి, ఫుట్‌రెస్ట్, వెనక చక్రాన్ని సగానికి తగ్గకుండా కప్పే గార్డ్ బండికి ఉండాలంటుంది. మోటారు వాహనాల చట్టం 1988లో 129వ సెక్షన్ ప్రకారం నాలుగేళ్ళు దాటిన ప్రతి ఒక్కరికీ హెల్మెట్ ఉండాలి, వెనకవాళ్ళకీ. లేకపోతే 1000 రూపాయల ఫైన్, మూడు నెలలు లైసెన్స్ పోతుంది. వాణి గారూ, మీ పాపకి ఐదేళ్ళన్నారు, పాపకీ హెల్మెట్ తప్పదు.

ఖమ్మం_వాణి
పాపని తమ్ముడికీ నాకూ మధ్యలో కూర్చోబెట్టుకుంటాను. ట్యాంక్ మీద ముందు కూర్చోబెట్టడం కన్నా నయం కదా?

చట్టం_చెబుతా
ట్యాంక్ మీద మాత్రం వద్దే వద్దు. మధ్యలో కూర్చోబెట్టడమూ చట్టానికి ఒప్పదు. 128వ సెక్షన్ నడిపేవాళ్ళు కాక ఒక్కరికే అనుమతిస్తుంది. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ళ లోపు పిల్లలకి వేరే నియమం వచ్చింది, 2023 ఫిబ్రవరి 15 నుంచి అమల్లో ఉంది. పిల్లని నడిపేవాళ్ళకి కలిపి కట్టే పట్టీల బెల్టు, హార్నెస్ అంటారు, అది ఉండాలి, పిల్లల హెల్మెట్ ఉండాలి, స్పీడ్ 40 దాటకూడదు.

బుల్లెట్_బాబాయ్
చట్టం సరే బాబూ, మధ్యతరగతి ఇంట్లో ఉన్నది ఒక్క బండి. పిల్లని స్కూల్లో దింపి, భార్యని పనిలో దింపాలి. అందరూ ఆటో ఎక్కగలరా?

నర్సు_కాకినాడ
బాబాయ్, రెండు ట్రిప్పులు వెయ్యండి. పది నిమిషాలు లేటవుతుంది అంతే. ఎమర్జెన్సీ గది బయట నిలబడ్డ తండ్రుల మొహాలు చూసి చెబుతున్నాను.

బుల్లెట్_బాబాయ్
సరేనమ్మా. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

విశాఖ_ఫిజియో
ఐదేళ్ళ పాప ఒక్కతే వెనక కూర్చునేటప్పుడు చూడాల్సింది వయసు కాదు, పాదాలు ఫుట్‌రెస్ట్‌కి అందుతున్నాయా లేదా అని. అందకపోతే హార్నెస్ కట్టండి, నాలుగేళ్ళు దాటినా సరే. పిల్లలు సాయంత్రం బండి మీద నిద్రపోతారు, పట్టు దానంతట అదే వదులవుతుంది. పడేది అప్పుడే.

పద్మ_టీచర్
ఎక్కడం, దిగడం గురించి కూడా ఎవరైనా రాయండి. నేను ఒకసారి దిగుతూ పడ్డాను.

సీమ_రైడర్
నడిపేవాళ్ళు రెండు కాళ్ళూ నేల మీద పెట్టి, ముందు బ్రేక్ పట్టుకుని, ఎక్కండి అన్నాకే ఎక్కాలి. దిగడమూ అంతే. చాలా బండ్లకి సైలెన్సర్ కుడి పక్కన ఉంటుంది, అటు దిగితే పిక్క కాలుతుంది. ఎడమ వైపే ఎక్కి దిగండి. నడిపేవాళ్ళూ, మనిషి ఎక్కితే వెనక టైరులో గాలి ఎక్కువ ఉండాలి, ఎంతో బండి మీద స్టిక్కర్‌లో ఉంటుంది.

ఖమ్మం_వాణి
మూడు వారాల తర్వాత రాస్తున్నాను. అమ్మ కట్టు ఇంకా విప్పలేదు. ఈలోగా తమ్ముడు లేడీస్ ఫుట్‌రెస్ట్, గార్డ్ రెండూ వేయించాడు, ట్యాంక్ కింద సంచి తగిలించే కొక్కెం పెట్టించాడు. ఇంక సంచి ఒళ్ళో ఉండదు. అమ్మకి హెల్మెట్ కొన్నాం, ఐఎస్ఐ గుర్తు చూసి. కొప్పు వల్ల పట్టడం లేదని మొరాయించింది, జడ కిందికి వేస్తే సరిపోయింది.

నిన్న నేనే అమ్మలా ఒక పక్కకి కూర్చుని కాలనీలో నాలుగు రౌండ్లు తిరిగాను. కుడి చెయ్యి బెల్టుకి, ఎడమ చెయ్యి రాడ్‌కి. బ్రేకర్ మీద మొదటిసారి ఎగరలేదు. తమ్ముడు ఇప్పుడు బ్రేకర్ వచ్చే ముందు "బ్రేకర్" అని అరుస్తున్నాడు, వెనక చక్రం దిగేదాకా రేజ్ ఇవ్వడం లేదు. అమ్మ గడపలో కూర్చుని అంతా చూసింది. ఏమీ అనలేదు కానీ, లోపలికి వస్తుంటే "కొక్కేనికి సంచి బరువు ఆగుతుందా" అని అడిగింది.

గ్యారేజ్_గోపాల్
నాలుగైదు కిలోల కూరగాయలు ఆగుతాయని చెప్పండి. సంచి హ్యాండిల్ తిప్పుడికి అడ్డం రాకుండా చూసుకోవాలి, రెండు వైపులా పూర్తిగా తిప్పి చూడండి. కొత్తగా వేసిన ఫుట్‌రెస్ట్ బోల్టులు వాడకంలో వదులవుతాయి, ఒక నెల తర్వాత మళ్ళీ బిగించమనండి.